జేబులో పట్టని నిధి: ‘కాలియోస్ట్రో కోట’ను ఇప్పుడు చూడటం

దొంగతనం కథాంశంగా తీసిన సినిమాలకు ఒక పాత కట్టుబాటు ఉంది. దొంగ ఎంత నేర్పరి అయినా కథ ముగిసేసరికి సొమ్ము అతని దగ్గర మిగలకూడదు. జాన్ హ్యూస్టన్ తీసిన ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’ (1950)లోనూ, జూల్స్ దాసాఁ తీసిన ‘రిఫిఫి’ (1955)లోనూ పథకం అద్భుతంగా పారుతుంది. ఆ తరువాత మనుషుల ఆశ, అనుమానం, దురదృష్టం కలిసి అంతా తుడిచిపెడతాయి. నేరానికి శిక్ష పడాలన్న నీతి ఒకటి, చూసేవాడు దొంగతో పాటు గోడ దూకిన తప్పును కడిగేసుకోవాలన్న అవసరం ఒకటి, రెండూ ఈ కట్టుబాటు వెనుక ఉన్నాయి.

1979 డిసెంబర్ 15న జపాన్‌లో విడుదలైన యానిమేషన్ చిత్రం ‘లుపాన్ ద థర్డ్: కాలియోస్ట్రో కోట’ ఈ లెక్కను మొదటి కొద్ది నిమిషాల్లోనే తేల్చేస్తుంది. ఇద్దరు దొంగలు మాంటే కార్లో కాసినోను దోచి, చిన్న ఫియట్ కారు నిండా నోట్లు కుక్కుకొని పారిపోతుంటారు. ఒక నోటును వెలుగుకు పట్టి చూసిన లుపాన్ ముఖం మారిపోతుంది. అవి దొంగనోట్లు. క్షణంలో ఆ సొమ్మంతా కారు కిటికీల్లోంచి గాలిలో కలుస్తుంది. సినిమా నిడివి దాదాపు వంద నిమిషాలు. దోచినది మొదట్లోనే పారేశాక మిగిలిన సమయమంతా ఈ దొంగ ఏమి దొంగిలించబోతున్నాడు? ఈ చిత్రాన్ని నడిపించే ప్రశ్న అదే.

దీనిని తీసిన హయావొ మియజాకికి అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు. దర్శకుడిగా ఆయనకిది మొదటి పూర్తి నిడివి సినిమా. ‘నౌసికా’ (1984) ఇంకా రాలేదు, జీబ్లీ స్టూడియో (1985) ఇంకా పుట్టలేదు. పెర్త్ నగరపు శివార్లలో, ఆర్మడేల్ పురపాలక పరిధిలో ఉన్న హారిస్‌డేల్ వంటి చోట స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఈ సినిమాను మొదటిసారి చూసేవారు సాధారణంగా వెనుకనుంచి ముందుకు వస్తారు. ఆస్ట్రేలియా బడులలో విరివిగా నేర్పే విదేశీ భాషల్లో జపనీస్ ఒకటి. పిల్లలు ‘టొటొరో’తో మొదలుపెట్టి, మిగిలినవన్నీ చూసేసి, చివరికి ఈ పాత చిత్రం దగ్గర ఆగుతారు. పక్కన కూర్చున్న పెద్దవారికి జీబ్లీ తెలియకపోవచ్చు. కానీ కొండ అంచున కోట, గోపురంలో బంధించిన రాకుమారి, నేలమాళిగలో అస్థిపంజరాలు, నీటి అడుగున రహస్యం, ఇవన్నీ వారికి ఎప్పటినుంచో పరిచయం. దాసరి సుబ్రహ్మణ్యం ‘చందమామ’లో రాసిన ‘శిథిలాలయం’, ‘పాతాళదుర్గం’ వంటి ధారావాహికలు చదివి పెరిగినవారు దారి అడగకుండానే నడవగల కోట ఇది.

ఒక పేరు, ముగ్గురు దొంగలు

లుపాన్ అన్న పేరుకు మూలం ఫ్రెంచి రచయిత మోరిస్ లెబ్లాఁ 1905లో సృష్టించిన ఆర్సేన్ లుపాఁ. పెద్దమనిషి వేషంలో తిరిగే దొంగ. ధనికుల ఇళ్ళలో విందు ఆరగించి, వెళుతూ వెళుతూ వారి నగలు తీసుకుపోయేవాడు. లెబ్లాఁ తన దొంగకు పోటీగా షెర్లాక్ హోమ్స్‌ను కథలోకి లాక్కువచ్చాడు. కానన్ డాయిల్ అభ్యంతరం చెప్పడంతో అక్షరాలు తారుమారు చేసి ‘హెర్లాక్ షోమ్స్’ అని పేరు మార్చాడు. దొంగ కథ రాసినవాడే ఇంకొకరి పాత్రను ఎత్తుకురావడం ఈ వంశచరిత్రకు తగిన ఆరంభం.

1967లో మంకీ పంచ్ అన్న కలంపేరుతో కజుహికొ కాతో ఒక జపనీస్ వారపత్రికలో ఆ లుపాఁకి మనవడిని సృష్టించాడు. ఈ మనవడు తాతలా మర్యాదస్తుడు కాడు. కాముకుడు, కపటి, అవసరమైతే క్రూరుడు. అతనికి తోడు గురితప్పని తుపాకీ వీరుడు జిగెన్, కత్తి దూస్తే ఇనుమునైనా కోసే గొయెమొన్, ఎప్పుడు ఏ పక్షాన ఉంటుందో తెలియని ఫుజికొ, వెంటాడటమే జీవితమైన ఇన్‌స్పెక్టర్ జెనిగాత. లెబ్లాఁ వారసుల అనుమతి లేకుండా వాడిన పేరు కావడంతో, ఈ చిత్రం ఇంగ్లీషులోకి వెళ్ళినప్పుడు ఒక అనువాదంలో కథానాయకుడు ‘వుల్ఫ్’ అయ్యాడు, మరొకచోట ‘రుపాన్’ అయ్యాడు.

మూడవ దొంగ మియజాకి లుపాన్. 1971లో మొదలైన టీవీ ధారావాహిక మధ్యలో ఇసావొ తకాహతతో కలిసి దర్శకత్వ బాధ్యత చేపట్టినప్పటినుంచీ మియజాకికి ఈ పాత్ర తెలుసు. సినిమా అవకాశం వచ్చేసరికి ఆ పాత్రను వయసు మళ్ళిన, అలసిన, తన పడుచుదనపు దుడుకుతనాన్ని తలచుకొని నవ్వుకొనే మనిషిగా మార్చాడు. ఇది తాను గీసిన లుపాన్ కాడని మంకీ పంచ్ అనేవాడు. సినిమా మాత్రం బాగుందని ఒప్పుకొనేవాడు. లెబ్లాఁ నవలల్లోంచి కూడా మియజాకి కొన్నిటిని చేజిక్కించుకున్నాడు. ‘కాలియోస్ట్రో’ అన్న పేరు, నాయిక ‘క్లారిస్’ పేరు 1924 నాటి నవలలో ఉన్నాయి. సరస్సు అడుగున రోమన్ శిథిలాలు 1927 నాటి మరో నవలలో ఉన్నాయి. పేరుకు అసలు హక్కుదారు 18వ శతాబ్దపు జ్యుసెప్పె బాల్సమొ. తనను తాను కాలియోస్ట్రో ప్రభువునని చెప్పుకొని యూరప్ రాజాస్థానాలలో తిరిగిన మాయగాడు. అంటే పేరు దగ్గరే నకిలీ మొదలయింది.

కథ క్లుప్తంగా

దొంగనోట్ల పుట్టిల్లు వెతుక్కుంటూ లుపాన్, జిగెన్ కాలియోస్ట్రో అనే బుల్లి సంస్థానానికి వస్తారు. జనాభా మూడున్నర వేలు. దారిలో పెళ్ళి దుస్తుల్లో కారు నడుపుతూ పారిపోతున్న క్లారిస్ ఎదురవుతుంది. సంస్థానాన్ని ఏలుతున్న కౌంట్ ఆమెను బలవంతంగా పెళ్ళాడబోతున్నాడు. ఆమె వేలికి ఉన్న వెండి ఉంగరం, అతని బంగారు ఉంగరం ఒకచోట చేరితే వంశంలో దాగిన నిధి బయటపడుతుంది. లుపాన్‌కు ఈ కోట కొత్త కాదు. ఏళ్ళ క్రితం, దుడుకు వయసులో, దొంగనోట్ల రహస్యం కోసం ఒంటరిగా చొరబడి గాయపడి పడి ఉన్నప్పుడు ఒక చిన్నపిల్ల నీళ్ళు తెచ్చి ఇచ్చి కాపాడింది. ఆ పిల్లే క్లారిస్. ఈ సంగతి ప్రేక్షకుడికి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. క్లారిస్‌కు తెలుస్తుందన్న తొందర లుపాన్‌కు లేదు.

ఇక్కడ చోరీ మూడుసార్లు జరుగుతుంది. మొదటిది కాసినో, ఫలితం చిత్తుకాగితాలు. రెండవది కోటలోకి చొరబడటం, అది ఓటమితోనూ తుపాకీ గాయంతోనూ ముగుస్తుంది. మూడవది పెళ్ళి మండపం నుంచి పెళ్ళికూతురిని ఎత్తుకుపోవడం. చోరీ సినిమాలు పథకాన్ని ముందే వివరించి, అది ఎక్కడ బెడిసికొడుతుందో అని ఉత్కంఠ పెంచుతాయి. ఇక్కడ లుపాన్ పథకం ఎప్పుడూ సగంలోనే విరిగిపోతుంది. తరువాతిదంతా అప్పటికప్పుడు తోచిన తెలివి.

దొంగనోటు వెనుక చరిత్ర

ఒక దేశాధిపతే దొంగనోట్లు అచ్చువేయించడం పిల్లల కథలోని అతిశయోక్తిలా కనిపిస్తుంది. చరిత్ర అంతకన్నా తక్కువేమీ తినలేదు. 1925లో పోర్చుగల్‌లో ఆల్వెష్ దుష్ రైష్ అనేవాడు దొంగ ఒప్పందపత్రాలు చూపి, పోర్చుగల్ బ్యాంకుకు నోట్లు అచ్చువేసే లండన్ సంస్థ చేతనే నోట్లు అచ్చువేయించాడు. కాగితం అసలుది, అచ్చు అసలుది, అనుమతి ఒక్కటే నకిలీ. అదే సమయంలో హంగరీలో ఫ్రెంచి ఫ్రాంకులను పెద్దయెత్తున నకిలీ చేసిన కుట్ర బయటపడింది. 1926లో శిక్ష పడినవారిలో విండిష్‌గ్రేట్స్ అనే రాకుమారుడు, ఆ దేశపు పోలీసు అధిపతి కూడా ఉన్నారు. నకిలీ కరెన్సీని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం 1929లో జెనీవాలో కుదరడానికి ఈ ఉదంతమే ప్రధాన ప్రేరణ. రెండవ ప్రపంచయుద్ధంలో నాజీలు సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరంలోని యూదు ఖైదీల చేత బ్రిటిష్ పౌండ్ల నోట్లు చేయించారు. ఓటమి వేళ ఆ నోట్ల పెట్టెలను ఆస్ట్రియాలోని టోప్లిట్స్ సరస్సులో ముంచేశారు. 1959లో గజ ఈతగాళ్ళు వాటిని పైకి తీశారు. రాకుమారుడు, పోలీసులు, సరస్సు: సినిమాకు కావలసిన సరుకంతా చరిత్రలో సిద్ధంగా ఉంది.

అందుకే ఇన్‌స్పెక్టర్ జెనిగాత కథ ఈ చిత్రంలో అన్నిటికన్నా పెద్దవారి కథ. లుపాన్‌ను పట్టుకోవడానికి వచ్చినవాడు నేలమాళిగలో పడి అక్కడి ఎముకల గుట్టను చూస్తాడు. వాటిలో 1904లో ప్రాణం విడిచిన ఒక జపనీస్ గూఢచారి అవశేషాలూ ఉన్నాయి. ఆ పక్కనే అన్ని దేశాల నోట్లు అచ్చవుతున్న యంత్రాలు. సాక్ష్యం పట్టుకొని ఇంటర్‌పోల్‌కు వెళితే, ఆ సమావేశంలో దేశాల ప్రతినిధులు ఒకరి మీద ఒకరు నెపం వేసుకొని, ఇది రాజకీయ వ్యవహారమని తేల్చి లేస్తారు. ఇంటర్‌పోల్ నియమావళి మూడవ అధికరణం రాజకీయ స్వభావం ఉన్న విషయాల్లో జోక్యాన్ని నిజంగానే నిషేధిస్తుంది. ఆ సంస్థ 1923లో వియన్నాలో పుట్టిన తొలినాళ్ళలో దాని ముఖ్య వ్యాపకాల్లో నకిలీ కరెన్సీ ఒకటి. మియజాకి ఈ రెండు సంగతులను ఎదురెదురుగా నిలబెట్టి చిన్న సన్నివేశంలో వదిలేశాడు.

చట్టం కదలని చోట జెనిగాత ఏమి చేస్తాడన్నది చిత్రంలో కెల్లా చమత్కారమైన ఘట్టం. పెళ్ళినాడు లుపాన్‌ను తరుముతున్నట్టు నటిస్తూ, వెనకాలే టీవీ కెమెరాను వెంటబెట్టుకొని ముద్రణాలయంలోకి దూరి, అక్కడి నోట్ల కట్టలను అప్పుడే చూసినట్టు ఆశ్చర్యపోతాడు. నటన చాలా నాసిరకం. ప్రపంచం మొత్తం చూస్తుంది. నిజాయితీ గల ఉద్యోగి నిజం బయటపెట్టడానికి అబద్ధపు నటన చేయవలసి వచ్చింది. పెద్ద సంస్థలలో పనిచేసినవారెవరికైనా ఈ హాస్యంలోని చేదు వెంటనే అందుతుంది.

కప్పు మీద పరుగు

రెండవ చొరబాటులో లుపాన్ కోట కప్పుమీద నిలబడి, ఎదుటి గోపురానికి తాడు విసిరే చిన్న రాకెట్టును సిద్ధం చేసుకుంటాడు. అది చేయి జారి కప్పుమీద దొర్లుతుంది. పట్టుకోబోయి వెంటపడతాడు, వాలులో కాళ్ళు ఆగవు, వేగం పెరుగుతుంది, అంచు వచ్చేస్తుంది, దూకక తప్పదు. అక్కడినుంచి గాలిలో ఒక కప్పునుంచి మరొక కప్పుకు. ఏ మనిషీ అలా దూకలేడు. అయినా చూసేవారి అరికాళ్ళలో జిల్లుమంటుంది. ఎందుకు?

తెరమీది కదలికకు కారణం రెటీనాపై బొమ్మ కొంతసేపు నిలిచిపోవడమేనని పాత పుస్తకాలు చెప్పేవి. అదే నిజమైతే బొమ్మలు ఒకదానిపై ఒకటి పడి మసకబారాలి, కదలకూడదు. కొద్ది ఎడంలో వరుసగా కనిపించిన రెండు నిశ్చల చిత్రాల మధ్య కదలికను మెదడే కల్పిస్తుందని 1912లో మాక్స్ వెర్ట్‌హైమర్ ప్రయోగాలు చూపించాయి. మెదడులో కదలికను పోల్చే భాగాలు విడిగా ఉంటాయి. అవి దెబ్బతిన్న ఒక స్త్రీ గురించి జర్మన్ పరిశోధకులు 1983లో రాశారు. ఆమెకు రంగులు, ఆకారాలు చక్కగా కనిపించేవి; కప్పులో పోస్తున్న టీ మాత్రం గడ్డకట్టినట్టు నిలిచిపోయి కనిపించేది. యానిమేషన్ అన్నది కాగితం మీద సగం, చూసేవారి తలలో సగం తయారయ్యే వస్తువు.

సినిమా రీలు సెకనుకు 24 చట్రాల చొప్పున నడుస్తుంది. ప్రతి చట్రానికి కొత్త బొమ్మ గీయడం తలకు మించిన ఖర్చు కాబట్టి, జపాన్ టీవీ యానిమేషన్‌లో ఒక్కొక్క బొమ్మను మూడు చట్రాలపాటు నిలిపి, సెకనుకు ఎనిమిది బొమ్మలతో సరిపెట్టడం అలవాటయింది. బొమ్మలు తగ్గినప్పుడు ఎన్ని గీశామన్నదానికన్నా ఏ క్షణాలను గీశామన్నది ముఖ్యమవుతుంది. ఈ చిత్రానికి యానిమేషన్ దర్శకుడైన యాసువొ ఓత్సుకకు ఆ విద్యలో తిరుగులేదు. యంత్రాలు, వాహనాలంటే ఆయనకు ప్రాణం. సినిమాలో లుపాన్ నడిపే ఫియట్ 500 ఓత్సుక సొంత కారు నమూనాయే. ఆ కారు మలుపులో ఒకవైపు ఒరుగుతుంది, గతుకులో టైరు అణుగుతుంది, ఎక్కుడులో ఆయాసపడుతుంది. అది కొండగోడ ఎక్కి పరుగెత్తడం అసాధ్యం, కానీ దాని బరువు మాత్రం ఎక్కడా అబద్ధం కాదు. కప్పుమీది పరుగు రహస్యమూ ఇదే. దూకిన దూరం అసత్యం. దూకడానికి ముందు మోకాలు వంగడం, వాలులో అడుగులు చిన్నవై తడబడటం, దిగినప్పుడు ఒళ్ళంతా కుదించుకుపోవడం సత్యం. శరీరం నమ్మాక బుద్ధి అడ్డుచెప్పదు.

గడియారపు గోపురంలో జరిగే చివరి పోరాటం ఈ పద్ధతికి పతాకస్థాయి. పళ్ళచక్రాలు తిరుగుతూ ఉంటాయి, నిలబడిన నేలే కదులుతూ ఉంటుంది. 1986 నాటి డిస్నీ చిత్రం ‘ది గ్రేట్ మౌస్ డిటెక్టివ్’లోని గడియారపు పోరాటం దీనికి ఋణపడిందని చూడగానే తెలుస్తుంది. ఆలస్యంగా చూసేవారికి ఇదొక చిక్కు. అనుకరణలను ముందు చూసి మూలాన్ని తరువాత చూస్తే మూలమే పాతబడినట్టు కనిపిస్తుంది. మూలానికీ పూర్వులున్నారన్నది ఆ చిక్కుకు విరుగుడు. ఉచ్చులతో నిండిన నిలువెత్తు కోట ఫ్రెంచి యానిమేటర్ పోల్ గ్రిమో చిత్రం నుంచి, గడియారపు గోపురం ఎదొగావ రంపో నవల ‘దయ్యాల గోపురం’ నుంచి మియజాకి నేర్చుకున్నవి.

శర్విలకుడి బంధువు

తెలుగు పాఠకుడికి లుపాన్ పరాయివాడు కాడు. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ మూడవ అంకంలో శర్విలకుడు కన్నం వేయడాన్ని ఒక శాస్త్రంగా నడుపుతాడు. గోడ ఏ మట్టిదో చూసి, పద్మమా, పూర్ణకుంభమా, ఏ ఆకారంలో కన్నం వేస్తే తెల్లవారి చూసినవారు మెచ్చుకుంటారో ఆలోచిస్తాడు. కొలతాడు మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. తీరా లోపలికి వెళితే మృదంగం, వీణ తప్ప ఏమీ లేని పేద ఇల్లు. తిరిగి వెళ్ళబోతుంటే నిద్రమత్తులో మైత్రేయుడే నగలమూట చేతికిస్తాడు. ఇంతా చేసింది దాసిగా ఉన్న మదనికను విడిపించి పెళ్ళాడటానికి. దండి ‘దశకుమారచరితం’లోని అపహారవర్మ చంపానగరంలో లోభుల ఇళ్ళు దోచి, సర్వం పోగొట్టుకున్నవారికి పంచుతాడు. 13వ శతాబ్దంలో కేతన ఆ కథలను తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. తెరమీద ‘బందిపోటు’ (1963) నుంచి ‘కొండవీటి దొంగ’ (1990) వరకు ఆ వంశం కొనసాగింది.

తేడా ఒక్కటుంది. శర్విలకుడికి మదనిక దక్కుతుంది, మన సినిమా బందిపోటుకు రాకుమారి దక్కుతుంది. లుపాన్‌కు దక్కదు. చివర క్లారిస్ తనను కూడా తీసుకువెళ్ళమని, దొంగతనం నేర్చుకుంటానని బతిమాలుతుంది. కౌగిలించుకోబోయిన లుపాన్ చేతులు గాలిలోనే ఆగి, వణికి, వెనక్కు వస్తాయి. మాటకన్నా ఆ చేతుల బొమ్మలే ఎక్కువ చెబుతాయి. వెలుగులోకి వచ్చిన పిల్లను మళ్ళీ చీకటిలోకి తీసుకుపోవడం కూడా దొంగతనమే. అది మాత్రం అతను చెయ్యడు. వచ్చిన జెనిగాత, లుపాన్ ఆమె మనసును దొంగిలించుకుపోయాడని చెప్పి వెళ్ళిపోతాడు.

లోపాలు లేకపోలేదు. క్లారిస్‌కు ధైర్యం ఉంది. మొదట తనే కారు నడిపి పారిపోతుంది, గోపురంలో కౌంట్ తుపాకీకి అడ్డుపడుతుంది. అయినా ఎక్కువసేపు గెలుచుకోవలసిన వస్తువుగానే మిగిలిపోతుంది. మియజాకి తరువాతి నాయికలతో పోలిస్తే ఆమె తొలిప్రతి మాత్రమే. తన స్వార్థాన్ని దాచుకోని ఫుజికొ ఆమెకన్నా సజీవంగా ఉంటుంది, కానీ ఆమెకు దక్కిన సమయం తక్కువ. గొయెమొన్ వచ్చి రెండుసార్లు కత్తి దూసి వెళతాడు. కౌంట్ దుర్మార్గానికి లోతు లేదు. విడుదలైనప్పుడు చిత్రం పెద్దగా ఆడలేదు. ఆ ఏటి ఓఫుజి నొబురొ పురస్కారం మాత్రం దక్కింది. పేరు తరువాత, పునఃప్రదర్శనలతో వచ్చింది.

నీటి అడుగున ఉన్నది

రెండు ఉంగరాలను గడియారపు మేక బొమ్మ కళ్ళలో అమర్చగానే ముళ్ళు కదులుతాయి. వాటి మధ్య కౌంట్ నలిగిపోతాడు, గోపురం కూలుతుంది, సరస్సు నీరు వెలికి పోతుంది. అడుగున బంగారం లేదు. తెల్లవారి వెలుగులో ఒక రోమన్ నగరం ఉంది: వీధులు, స్తంభాలు, మెట్లు. ఇది తన జేబులో పట్టని నిధి అని, మనుషులందరిదీ అని లుపాన్ అనుకుంటాడు. మొదట్లో పారేసిన కాగితాలకు, చివర బయటపడిన రాళ్ళకు మధ్య ఈ సినిమా విలువ అన్న మాటకు అర్థం వెతికింది. నకిలీ చేయగలిగినది ఒకరి సొత్తు కాగలదు. నకిలీ చేయలేనిది ఎవరి సొత్తూ కాదు.

కృష్ణాతీరంలో పెరిగినవారికి ఈ దృశ్యం తలకిందులుగా గుర్తొస్తుంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న నాగార్జునకొండ లోయను నాగార్జునసాగర్ జలాశయం ముంచేయబోతుండగా, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో తవ్వకాలు జరిగాయి. అక్కడ దొరికినవాటిలో రోమన్ నాణేలున్నాయి, రోమన్ క్రీడాంగణాలను గుర్తుచేసే మెట్ల ప్రేక్షకశాల ఉంది. కొన్ని కట్టడాలను విప్పి కొండమీదికి, అనుపు గట్టుకు చేర్చి మళ్ళీ నిలబెట్టారు. నగరం నీటిపాలయింది, ఆ నీటితో లక్షల ఎకరాలు పండాయి. ఎగువన శ్రీశైలం జలాశయంలో మునిగిన సంగమేశ్వరాలయం ఏడాదిలో ఎక్కువ కాలం నీటిలోనే ఉంటుంది. నీరు తగ్గిన కొద్దినెలలు జనం వెళ్ళి, బురద కడిగి, దీపం పెట్టి వస్తారు. నీరు మళ్ళీ పెరుగుతున్నప్పుడు పూజారి చివరి హారతి ఇచ్చి గట్టెక్కుతాడు.

కాలియోస్ట్రో సరస్సు ఒకేసారి తెరుచుకుంటుంది, ఇక మూసుకోదు. యానిమేషన్‌కు ఆ వెసులుబాటు ఉంది. చిత్రం ముగిశాక పిల్లలు అడిగే ప్రశ్న సాధారణంగా లుపాన్ మళ్ళీ వస్తాడా అన్నది. పెద్దవారికి చెప్పవలసిన కథ వేరే ఉంది. అది కృష్ణ ఒడ్డున మొదలవుతుంది.